టార్చిలైటూ మూడో ఎలక్ట్రానూ

చలి బాబాయ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి? ఇరవై రెండేళ్ళుగా ఆ ల్యాబులో వస్తువుల్ని చల్లబరచడమే ఆయన ఉద్యోగం. అల్లాటప్పా చల్లదనం కాదు, సున్నాకి కింద రెండువందల అరవై తొమ్మిది డిగ్రీలు. మనం పీల్చే గాలి కూడా అక్కడ రాయిలా గడ్డకట్టుకుపోతుంది. అంతటి చలిని ఒక డబ్బా ద్రవ హీలియంతో, ముక్కుతూ మూలుగుతూ తిరిగే ఒక పాత పంపుతో పుట్టిస్తున్న మనిషిని పట్టుకుని, మూడు వారాలుగా కనపడిన ప్రతివాళ్ళూ అదే ప్రశ్న. "బాబాయ్, పంపు ఎక్కడైనా లీకవుతోందేమో చూశారా?"

లీకట! ఆఖరికి గేటు దగ్గర కాపలా మనిషి కూడా అడిగాడు. పంపు గుండ్రంగా ఉంటుందో పలకలుగా ఉంటుందో తెలియని వాడు!

"నిన్న చూశాను, మొన్న చూశాను, ఇవాళ పొద్దున్న సబ్బు నురగ రాసి మరీ చూశాను. లీకయ్యేది పంపు కాదు, మీ నోళ్ళు," అని కసిరి పంపించాడు.

ఆయనకి ఒక పుస్తకం ఉంది. నల్ల అట్ట వేసిన పొడుగాటి లాగ్ బుక్. ఏ రోజు ఏ చిప్పు బిగించారు, గాలి ఎంతసేపు తోడారు, హీలియం ఎప్పుడు పోశారు, ఉష్ణోగ్రత ముల్లు ఎన్ని గంటలకి అడుక్కి దిగింది, అంతా అందులో ఉంటుంది. అలాంటివి ఇప్పటికి పధ్నాలుగు నిండాయి. పదకొండేళ్ళ కిందట కాలు విరిగి మంచమెక్కిన ఆరు వారాలు తప్ప, ప్రతి పేజీ ఆయన చేతి రాతే. ఒక్క కొట్టివేత ఉండదు. కొత్తగా చేరిన వాళ్ళకి ఆ పుస్తకాలు చూపించేటప్పుడు ఆయన మొహం చూడాలి, మనవరాలిని ఎత్తుకున్న తాత కూడా అంత మురిసిపోడు.

ఈ గొడవంతా ఒక చిన్న గుట్ట గురించి. తెర మీద గీతలో లేచే గుట్ట.

ఆ గుట్ట సొంతదారు పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి. నాలుగో ఏడు నడుస్తోంది. గోరంత చిప్పు లోపల, వెంట్రుకని నాలుగు వేల పొరలుగా చీలిస్తే ఒక్క పొరంత మందంలో గాలియం ఆర్సెనైడ్ అనే పదార్థం పరిచి ఉంటుంది. దాన్ని క్వాంటం వెల్ అంటారు. దాని మీద లేజర్ కాంతి వేసి, తిరిగి వచ్చే వెలుగుని కొలవడం ఆ అమ్మాయి పని. ఇందులో ఏముందో చలి బాబాయ్‌కి ఒకరోజు క్యాంటీన్ బల్ల దగ్గర ఓపికగా చెప్పింది.

"కాంతి తగలగానే ఒక ఎలక్ట్రాన్ తన కుర్చీలోంచి ఎగిరి పైకి వెళ్తుంది బాబాయ్. ఆ ఖాళీ కుర్చీకి ఎలక్ట్రాన్ మీద ప్రేమ చావదు. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ జంటగా ఉంటాయి. దాన్నే ఎక్సైటాన్ అంటాం. కాసేపటికి ఎలక్ట్రాన్ మళ్ళీ వచ్చి కుర్చీలో కూలబడుతుంది, అప్పుడు వెలుగొస్తుంది. అదే తెర మీద మీరు చూసే పెద్ద గుట్ట."

"మరి ఆ పక్కన చిన్నది?"

"మీరూ పిన్నీ ఒక ఇరుకు బల్ల మీద కూర్చున్నారనుకోండి. ఇంతలో ఎవరో మూడో మనిషి వచ్చి మీ పక్కనే ఇరుక్కున్నాడు..."

"అనుకోవడం దేనికి? మా బావమరిది వచ్చి వారమయింది."

అమ్మాయి నవ్వు ఆపుకోలేక టీ మీద పోసుకుంది. "సరే, అదే! పెద్ద హాలయితే ఆయన ఎటో వెళ్ళిపోతాడు. ఇరుకు కాబట్టి మీకే అంటుకుపోతాడు. ఆ పొరలో అప్పటికే కొన్ని ఒంటరి ఎలక్ట్రాన్లు తిరుగుతూ ఉంటే, ఒకటి వచ్చి జంటకి తగులుకుంటుంది. జంటగా ఉన్నంతసేపూ ప్లస్సూ మైనస్సూ సరిపోయి ఏ చార్జీ ఉండదు. మూడోది రాగానే మొత్తానికి మైనస్ చార్జీ వస్తుంది. దాన్ని ట్రయాన్ అంటాం. దాని వెలుగులో శక్తి రవ్వంత తక్కువ. అందుకే గుట్ట కాస్త ఎడంగా లేస్తుంది. కొంచెం వేడి తగిలినా మూడోవాడు ఊడిపోతాడు. అందుకే మీ చలి కావాలి."

"మా వాడు ఏ వేడికీ ఊడడమ్మా," అన్నాడు చలి బాబాయ్ నిట్టూర్చి.

ఆ చిన్న గుట్ట మొదట్లో రోజూ కనపడింది. అమ్మాయి పేపరు రాసింది, ప్రొఫెసర్ మేడం పత్రికకి పంపింది, వాళ్ళు ఇంకొక్కసారి కొలిచి చూపించమన్నారు. అంతే, గుట్ట మాయం! మూడు వారాలు. అదే చిప్పు, అదే లేజర్, అదే చలి. పెద్ద గుట్ట ఒంటరిగా నిలబడి వెక్కిరిస్తోంది.

బుధవారం కూడా రాలేదు. ప్రొఫెసర్ మేడం కాగితాల దొంతర బల్ల మీద విసిరికొట్టింది.

"మళ్ళీ ఆ మౌని కథేనా?"

మౌని అంటే పదకొండేళ్ళ కిందట అక్కడ పరిశోధన చేసిన కుర్రాడు. మాట తక్కువ, అందుకని ఆ పేరు. సరిగ్గా ఇదే చిప్పు మీద ఇదే గుట్ట కనిపెట్టానన్నాడు. కమిటీ వాళ్ళు మళ్ళీ చూపించమంటే ఆరు వారాలు తల బాదుకున్నా చూపించలేకపోయాడు. లేని గుట్టని ఉందని రాశాడన్నారు. విసుగెత్తి చదువు మానేసి, ఇప్పుడు బస్టాపు దగ్గర కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకుంటున్నాడు. చలి బాబాయ్ ముక్కు మీద ఉన్న జోడు కూడా అతను చేసిందే. అద్దాలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడల్లా అతను అడిగేది ఒకటే, "బాబాయ్, ఆ గుట్ట మళ్ళీ ఎవరికైనా కనపడిందా?" ఈయన చెప్పేదీ ఒకటే, "లేదు నాయనా."

"హీలియం ఇంకెన్నిసార్లకి ఉంది?" అంది మేడం.

"రెండుసార్లకి మేడం."

"అయితే శుక్రవారం నా కళ్ళముందు ఆ గుట్ట లేవాలి. లేవకపోతే పేపరు వెనక్కి తీసుకుంటాను. అమ్మాయి మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టుకోవాలి. పత్రిక వాళ్ళకి కారణం రాయాలి కదా, చల్లబరచడంలో లోపం జరిగిందని రాస్తాను."

చలి బాబాయ్‌కి ఒళ్ళు మండింది. చల్లబరచడంలో లోపమా! అంటే తనలో లోపమన్నమాట. ఇంకో రెండేళ్ళలో పదవీ విరమణ పెట్టుకుని, పధ్నాలుగు పుస్తకాలకీ కలిపి ఆ మచ్చా? అమ్మాయి వైపు చూశాడు. ఆ పిల్ల గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. ఇంకా ఒళ్ళు మండింది.

సాయంత్రం ఇంటికి వెళ్తే అక్కడ ఇంకో మంట. ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయి నెల దాటింది.

"ఊళ్ళో వాళ్ళకి మైనస్ రెండువందలు చల్లబరుస్తారు. ఇంట్లో గ్లాసుడు పాలు విరిగిపోకుండా చూడలేరు," అంది భార్య, చెప్పులు విప్పకముందే.

"అది వేరే పంపే బాబూ!"

"అన్నీ వేరేనే మీకు. పాపం మా తమ్ముడు పొద్దున్నుంచీ దాని వెనకాలే ఉన్నాడు."

నిజంగానే బావమరిది ఫ్రిజ్ వెనకాల బోర్లా పడుకుని ఉన్నాడు. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి, నెల రోజుల్లో ఆయన మంచం, ఆయన కుర్చీ, ఆయన పేపరు, అన్నీ సొంతం చేసుకున్నాడు. రెండు గదుల ఇంట్లో ఎటు తిరిగినా అతని మోకాలే తగులుతుంది. చలి బాబాయ్ వంగి చూశాడు. ఫ్రిజ్ వెనక గొట్టానికి తాడుతో కట్టి ఒక టార్చిలైటు వేలాడుతోంది. మూత మీద నీలం టేపు చుట్టిన టార్చిలైటు.

"ఒరేయ్! ఇది నాది కదూ? మూడు వారాలుగా సంచంతా దులిపి దులిపి వెతుకుతున్నాను. నిన్ను అడిగాను కూడా!"

"నల్ల టార్చి చూశావా అని అడిగావు బావా. ఇది టేపుతో నీలంగా ఉంది కదా అని..."

"నీ బుర్రలో మట్టి! నా సంచిలోంచి తీసేటప్పుడు తెలియలేదా ఎవరిదో?"

"ఇంట్లో మనుషుల మధ్య నీదీ నాదీ ఏంటి బావా," అన్నాడు వాడు నిమ్మకు నీరెత్తినట్టు. భార్య మొహం తిప్పుకుని నవ్వింది. చలి బాబాయ్ తాడు తెంపి టార్చిలైటు సంచిలో వేసుకుని, భోజనం దగ్గర కూడా సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఆ టార్చిలైటు మీద అంత పట్టుదల ఎందుకంటే, అందులో ఒక రహస్యం ఉంది. చిప్పుని రాగి కడ్డీ చివర గ్రీజుతో అతికిస్తారు. అంత చలికి లోహం ముడుచుకుని ఒక్కోసారి చిప్పు ఊడి కింద పడుతుంది. ఊడిందో లేదో చూడాలంటే చల్లబరిచే పాత్రకున్న కిటికీ అద్దంలోంచి తొంగి చూడాలి. లోపల కటిక చీకటి. గది తలుపు మీద మేడం స్వయంగా అతికించిన కాగితం, "లోపలికి ఏ లైటూ, ఏ ఫోనూ తేరాదు." వెలుగు కొలిచే పరికరం అంత సుకుమారం, అగ్గిపుల్ల గీసినా పాడైపోతుందట. కానీ చల్లబరిచేటప్పుడు దాని మూత వేసే ఉంటుంది కదా? అందుకని చలి బాబాయ్ మొదటి ఏడాదే ఒక అలవాటు చేసుకున్నాడు. ముల్లు అడుక్కి దిగగానే, ఎవరూ లేకుండా చూసి, టార్చి వేసి, పది అంకెలు లెక్కపెట్టేలోపు చిప్పు నాలుగు మూలలూ చూసుకుని ఆర్పేస్తాడు. నిబంధనకి విరుద్ధం కనక పుస్తకంలో రాయలేదు. ఇంత చిన్న దానికి రాత ఎందుకని కూడా అనుకున్నాడు. టార్చి పోయిన ఈ మూడు వారాలూ చూడకుండానే, దేవుడి మీద భారం వేసి కానిచ్చాడు.

గురువారం పొద్దున్న యథాప్రకారం చల్లబరిచాడు. టార్చి వేశాడు, పది లెక్కపెట్టాడు, ఆర్పాడు. బయటికి వచ్చి పంపు దగ్గర కూర్చున్నాడు. అరగంటకి పక్క గదిలోంచి కేక వినపడింది.

"బాబాయ్! వచ్చింది! వచ్చేసింది!"

పరిగెత్తాడు. తెర మీద పెద్ద గుట్ట పక్కన, ఎడంగా, బుద్ధిగా నిలబడి ఉంది చిన్న గుట్ట. అమ్మాయి ఏడుస్తూ నవ్వుతోంది. "ఏం చేశారు బాబాయ్? ఇవాళ ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదమ్మా," అన్నాడు. 

పుస్తకం తెరిచి నిన్నటి పేజీ, ఇవాళ్టి పేజీ పక్కపక్కన పెట్టుకుని వరసగా వేలు జరుపుతూ చదివాడు. గాలి తోడిన సమయం అదే. హీలియం అదే. ముల్లు అదే. తేడా ఏమైనా ఉంటే పుస్తకంలో లేనిదే అయి ఉండాలి. పుస్తకంలో లేనిది ఒక్కటే.

ఇక ఆ రోజంతా ఆయనకి నిలకడ లేదు. చెప్పేస్తే? ఇరవై రెండేళ్ళు తలుపు మీద కాగితాన్ని లెక్కచేయలేదని మేడం అగ్గి మీద గుగ్గిలమవుతుంది. చెప్పకపోతే? రేపు కూడా గుట్టుగా పది అంకెలు వేస్తే గుట్ట లేస్తుంది, పేపరు నిలుస్తుంది, పిల్ల గట్టెక్కుతుంది, పుస్తకం పుస్తకంలాగే ఉంటుంది. ఎవరికి నష్టం? ఇలా సర్దిచెప్పుకుని సంచి భుజాన వేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న మేడం చీకటి గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. "మొదటి నుంచీ నేను ఇక్కడే ఉంటాను. నిబంధన ప్రకారం ఒక్కో అడుగూ నా ముందే జరగాలి."

చలి బాబాయ్‌కి కొంప మునిగిందని అర్థమైపోయింది. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. పంపు మూలిగింది, హీలియం దిగింది, ముల్లు అడుక్కి చేరింది. మేడం లేచి "కొలవండి" అంది. అమ్మాయి కొలిచింది. పెద్ద గుట్ట ఒక్కటే. అమ్మాయి ఇంకోసారి కొలిచింది. మరోసారి కొలవబోతుంటే మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు. నిన్న వచ్చిందన్నావు. ఎవరు చూశారు?"

"నేను... బాబాయ్..."

"పదకొండేళ్ళ కిందట కూడా ఇదే మాట విన్నాను." మేడం బల్ల మీద కలం తీసుకుంది.

అమ్మాయి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసిన దానిలా తలవంచుకుంది. అది చూసేసరికి చలి బాబాయ్‌కి తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. ఛీ, ఏం మనిషినిరా నేను, అనుకున్నాడు. సంచిలోంచి టార్చిలైటు తీసి బల్ల మీద పెట్టాడు.

"లోపం అమ్మాయిది కాదు మేడం. పంపుదీ కాదు. ఇదిగో, దీనిది. కాదు, నాది."

మొత్తం చెప్పాడు. మేడం మొహం ఎర్రబడింది, తెల్లబడింది, మళ్ళీ ఎర్రబడింది. "ఇరవై రెండేళ్ళు!" అంది. "నా గదిలో! నా కాగితం కింద నుంచే వెళ్ళి!" అని ఇంకా ఏదో అనబోయి ఆగింది. కోపంలో కూడా ఆలోచన మానని మనిషి ఆవిడ. "పరికరం మూత వెయ్యండి. టార్చి వేసి చూపించండి, మీరు రోజూ ఎలా వేస్తారో."

ఆయన టార్చి వేసి పది లెక్కపెట్టాడు.  అమ్మాయి కొలిచింది. చిన్న గుట్ట లేచింది.

మేడం తెర దగ్గరికి వంగి చూసింది. తల తిప్పకుండానే అంది, "ఇంకో ముప్ఫై అంకెలు వెయ్యండి." వేశాడు. ఈసారి రెండు గుట్టలూ కలిసిపోయి, ఎడం వైపు వెడల్పాటి దిబ్బ ఒకటి మిగిలింది.

"పొర పక్కనే కల్తీ అణువులు ఉంటాయి," అంది మేడం, ఎవరితోనో కాదు, తనతో తానే. "చలిలో వాటి ఎలక్ట్రాన్లని అవి గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. టార్చి వెలుగు వాటిని విడిపించింది. అవి పొరలోకి దిగాయి. మళ్ళీ వేడి చేసేదాకా వెనక్కి పోలేవు. కొన్ని దిగితే జంటకి మూడోది దొరుకుతుంది, ట్రయాన్ అవుతుంది. మరీ ఎక్కువ దిగితే ఇక జంటే ఉండదు, సంతే." ఆవిడ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. "నీ పేపరు ఎక్కడికీ పోదు. ఇంకో పేజీ కలుపు. ఈయన పది అంకెలూ రాయి అందులో."

అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చేసింది. చలి బాబాయ్ హమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడ్డాడు. అంతటితో అయిపోతే బాగానే ఉండేది.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, పని గుర్తొచ్చి కాగితం తీసింది. "బాబాయ్, ఈ చిప్పుకి టార్చి వెయ్యని రోజులన్నీ నాకు కావాలి. ఈ మూడు వారాలు కాక ఇంకెప్పుడైనా ఉన్నాయా?"

"ఎక్కడివమ్మా? నేనుండగా వెయ్యని రోజే లేదు. ఒక్క నా కాలు విరిగిన..."

మాట మధ్యలో ఆగిపోయింది. మేడం తలెత్తి చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ ఆరు వారాలు చల్లబరిచింది మౌని. తనంతట తానే, పుస్తకంలో రాసినట్టు, పొల్లు పోకుండా. తర్వాత కుంటుకుంటూ వచ్చిన చలి బాబాయ్‌ని కమిటీ పిలిచి అడిగితే, "మెషీన్‌లో ఏ లోపమూ లేదండి, ఆ అబ్బాయికే పని మీద శ్రద్ధ లేదు," అని ఈయనే చెప్పాడు. ఎదురుగా కూర్చున్న మేడం ఆ మాట నమ్మింది.

"మౌని దగ్గరికి నేను కూడా వస్తాను," అంది మేడం.

"వద్దు మేడం. ముందు నన్ను వెళ్ళనివ్వండి."

అల్మారాలోంచి ఏడో నంబరు లాగ్ బుక్ తీసుకుని, ఎండ దిగకముందే బస్టాపు దగ్గరికి నడిచాడు. దుకాణంలో మౌని ఒక్కడే ఉన్నాడు. జుట్టు అక్కడక్కడ నెరిసింది. అద్దాన్ని అరగదీస్తూ తలెత్తి, "రండి బాబాయ్. జోడు వదులైందా?" అన్నాడు. ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇంకా అడగలేదు.

"కనపడింది నాయనా, ఆ గుట్ట," అన్నాడు చలి బాబాయ్. పుస్తకం గాజు బల్ల మీద పరిచి, మౌని చేతి రాత ఉన్న ఆరు వారాల పేజీలు తీసి, టార్చిలైటు సంగతి మొదటి నుంచీ చివరి దాకా చెప్పాడు.  మౌని యంత్రం ఆపేసి విన్నాడు.

"ఎంతసేపు వేసేవారు?" అన్నాడు చివరికి.

"పది అంకెలు."

మౌని తన రాతని తానే ఒక పేజీ చదువుకున్నాడు. అరిచి ఉంటే బాగుండేది, రెండు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. మామూలు గొంతుతోనే అన్నాడు.

"మీ కాలికి కట్టు కట్టినప్పుడు నేను పళ్ళు పట్టుకుని మీ ఇంటికి వచ్చాను బాబాయ్. మంచం పక్కన కూర్చుని అడిగాను, మీరు చేసినప్పుడు వచ్చింది, నేను చేస్తే రావట్లేదు, మీరు ఇంకేమైనా చేస్తారా అని. అంతా పుస్తకంలో ఉంది, చూసి చేసుకో అన్నారు."

చలి బాబాయ్‌కి ఆ మాట గుర్తుంది. విసుక్కుంటూ అన్నాడు కూడా. జేబులోంచి కలం తీసి, ఆ ఆరు వారాల మొదటి పేజీ అంచున ఇవాళ్టి తేదీ వేసి, "టార్చి వెయ్యలేదు. తప్పు నాది," అని రాసి, కింద సంతకం చేసి పుస్తకం అతని వైపు జరిపాడు. మౌని దాన్ని మూసి, తిరిగి ఇవ్వకుండా, బల్ల కింద సొరుగులో పెట్టుకున్నాడు.